మంచాన పడ్డ పెద్దవాళ్ళకు సర్కారు డబ్బు: ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

పక్షవాతం వచ్చిన మనిషిని కర్నూలు పెద్దాసుపత్రిలో చేరిస్తే స్కానింగు, మందులు, బెడ్డు అన్నిటికీ ఎన్టీఆర్ వైద్యసేవ నుంచో ఆసుపత్రి బడ్జెట్ నుంచో డబ్బు వస్తుంది. ప్రాణం నిలబడ్డాక డిశ్చార్జి రాసిస్తారు. ఆ కాగితం చేతికొచ్చిన నిమిషం నుంచి తినిపించడం, తుడవడం, పక్క తిప్పడం, మూత్రం పైపు మార్పించడం అన్నీ ఇంట్లోవాళ్ళ నెత్తిన పడతాయి. ఈ చాకిరీకి సర్కారు ఖాతాలో పద్దంటూ లేదు. అనంతపురంలోనైనా కడపలోనైనా ఇంతే. 108 కూడా ఆసుపత్రికి తీసుకుపోతుంది గానీ ఇంటికి దింపదు. తిరిగి వచ్చే బాడుగ నుంచే సొంత ఖర్చు మొదలు.

పెద్దవాళ్ళ మీద ప్రభుత్వం పెట్టే డబ్బు తక్కువేమీ కాదు. కానీ అది ఎక్కువగా రెండు దారుల్లోనే వస్తుంది: మనిషి చేతికి పింఛన్, ఆసుపత్రికి ప్యాకేజీ. ఈ రెండింటికీ మధ్య నెలల తరబడి, ఏళ్ళ తరబడి సాగే సంరక్షణకు వేరే దారి లేదు కాబట్టి ఉన్న డబ్బునే అటు మళ్ళించుకోవాలి. ఎలాగో ఇక్కడ రాస్తున్నా.

ముందు పింఛన్ సంగతి

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛన్ నెలకు 4,000 రూపాయలు. సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు కొలిచి ఇచ్చే కాగితం) 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 6,000. డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు 10,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు, కండరాల క్షీణత తీవ్రంగా ఉన్నవాళ్ళకు, ప్రమాదంలో దెబ్బతిని మంచం పట్టినవాళ్ళకు 15,000. వృద్ధాప్య పింఛన్‌లో కేంద్ర పథకం నుంచి వచ్చే వాటా 79 ఏళ్ళ దాకా నెలకు 200, ఎనభై దాటితే 500. మిగతా భారమంతా రాష్ట్రానిదే.

4,000కూ 15,000కూ తేడా నెలకు 11,000. ఏడాదికి 1,32,000. మంచాన పడ్డ మనిషిని చూసుకోవడానికి ఒక ఆయాను పెట్టుకోగలమా లేదా అన్నది ఈ తేడా దగ్గరే తేలిపోతుంది. అందుకే మొదటి శ్రద్ధంతా సరైన కేటగిరీ మీద పెట్టాలి. అరవై దాటాక వృద్ధాప్య పింఛన్ తీసుకుంటూ తర్వాత పక్షవాతం వచ్చినవాళ్ళు చాలామంది ఆ 4,000 దగ్గరే ఉండిపోతారు. పింఛన్ వస్తోంది కదా అని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. కేటగిరీ దానంతట అది మారదు. సదరం కాగితం తెచ్చి ఊళ్ళోని గ్రామ సచివాలయంలో, టౌనులో వార్డు సచివాలయంలో అడిగితేనే మారుతుంది.

సదరంలో జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. పక్షవాతం వల్ల వచ్చిన వైకల్యాన్ని జబ్బు వచ్చి ఆరు నెలలు దాటాకే కొలుస్తారు. అంతకు ముందే స్లాటు బుక్ చేసుకుని, జీపు మాట్లాడుకుని, మనిషిని మోసుకుని పోతే మళ్ళీ రమ్మంటారు. ఆరు నెలలు దాటే సమయానికి స్లాటు పడేలా మీసేవలోనో సచివాలయంలోనో చూసుకోండి. వెళ్ళేటప్పుడు ఆధార్‌తో పాటు డిశ్చార్జి సమ్మరీ, సీటీ స్కాన్ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోవాలి. ఫిల్ము ఒక్కటే తీసుకుపోయేవాళ్ళు ఎక్కువ. ఫిల్ము వేడికి, మడతలకు పాడైపోతుంది. అక్షరాల్లో ఉన్న రిపోర్టే వైకల్యం కొలిచే డాక్టర్ల బోర్డుకు పనికొస్తుంది. జబ్బు ఎప్పుడు వచ్చిందో తేదీతో సహా డిశ్చార్జి సమ్మరీలో ఉందో లేదో ఆసుపత్రి గడప దాటక ముందే చూసుకోండి. తర్వాత రికార్డు రూము చుట్టూ తిరగడం చాలా కష్టం.

సర్టిఫికెట్ వచ్చాక మొదట చూడాల్సింది అది శాశ్వతమా తాత్కాలికమా అన్నది. తాత్కాలికం అయితే గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే పింఛన్‌కే ఎసరొస్తుంది కాబట్టి గడువుకు మూడు నెలల ముందే మళ్ళీ స్లాటు పెట్టుకోవాలి. 2025 మొదట్లో 15,000 పింఛన్ తీసుకునేవాళ్ళ ఇళ్ళకు డాక్టర్ల బృందాలు వచ్చి మళ్ళీ పరీక్షించాయి. ఆ తర్వాత కొందరికి నోటీసులు వచ్చాయి. నోటీసు వస్తే పింఛన్ పోయిందని కూర్చోకూడదు. అప్పీలు ఉంటుంది. మండలంలో ఎంపీడీవోకు, టౌనులో మున్సిపల్ కమిషనర్‌కు రాసిచ్చి, పాత కాగితాల జిరాక్సులు జతచేసి, రసీదు తీసుకోవాలి.

ఆరు నెలల నిబంధన మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. కొలతకు అది సరైనదే, ఎంత కోలుకుంటారో ఆలోపు తేలదు. కానీ ఫిజియోథెరపీ వల్ల చేయి, కాలు కాస్తో కూస్తో తిరిగొచ్చేది ఎక్కువగా ఆ ఆరు నెలల్లోనే. ఖర్చు ఎక్కువగా ఉండేదీ అప్పుడే. సరిగ్గా ఆ కాలానికే చేతిలో వృద్ధాప్య పింఛన్ తప్ప ఏమీ ఉండదు. ఈ కాలానికి తాత్కాలిక సంరక్షణ భత్యం ఉంటే తర్వాత 15,000 అవసరం పడని మనుషులు ఎంతోమంది తేలతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఎక్కువ సాయం అవసరమైనవాళ్ళకు సంరక్షకుల భత్యం అనే మాట ఉంది. మన దగ్గర అది విడి పద్దుగా రావాలి.

ఇంకొకరు అసలు ఏ కేటగిరీలోనూ పట్టరు: నడవగలిగే మతిమరుపు రోగి. మంచాన పడలేదు కాబట్టి ఆ కేటగిరీలోకి రాడు. రాత్రి రెండింటికి తలుపు తీసుకుని బయటికి పోయే ఆ పెద్దాయన్ని కనిపెట్టుకుని ఉండటం మంచం మీద ఉన్న మనిషిని చూసుకోవడం కంటే కష్టం. తుంటి ఎముక విరిగి లేవలేకపోయిన అవ్వలదీ అదే గతి. డాక్టరు వైకల్యాన్ని స్పష్టంగా రాస్తే తప్ప వాళ్ళు 4,000 దగ్గరే ఉండిపోతారు.

రద్దు ఎందుకవుతుంది

ఎక్కువ పింఛన్లు జబ్బు దగ్గర కాదు, కుటుంబం లెక్క దగ్గర ఆగుతాయి. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000, టౌనులో 12,000 దాటకూడదు. భూమి మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. కారు ఉండకూడదు, టాక్సీకీ ఆటోకీ ట్రాక్టరుకీ మినహాయింపు ఉంది. ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు కుటుంబంలో ఉండకూడదు. చిక్కేమిటంటే ఇక్కడ కుటుంబం అంటే ఒక ఇంట్లో ఉండేవాళ్ళు కాదు, రికార్డులో ఒకచోట నమోదైనవాళ్ళు. తల్లి కోసిగిలో ఒంటరిగా ఉంటుంది, కొడుకు బెంగళూరులో కారు కొంటాడు. ఇద్దరూ ఒకే బియ్యం కార్డులో ఉంటే ఆమె పింఛన్ ఆగుతుంది. సచివాలయంలో బియ్యం కార్డూ హౌస్‌హోల్డ్ మ్యాపింగూ (ఏ ఇంట్లో ఎవరున్నారో సచివాలయం రాసుకునే రికార్డు) రెండూ చూపించుకోండి. ఒకటి సరిచేసి రెండోది వదిలేస్తే ఫలితం ఉండదు.

కరెంటు దగ్గర ఇంకో చిక్కు. అద్దెకున్న ఇంటి మీటరో, అన్న పొలం మోటారు సర్వీసో పెద్దాయన ఆధార్‌కు అంటుకుని ఉంటుంది. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ ఆఫీసులో ఆ సర్వీసు నంబరు నుంచి ఆధార్ తీయించి, ఆ కాగితం సచివాలయంలో ఇవ్వాలి.

కుటుంబానికి ఒకటే పింఛన్ అని చెప్పి పంపేస్తే నమ్మి వెనక్కి రావద్దు. తీవ్ర వైకల్యం, దీర్ఘకాలిక వ్యాధి పింఛన్లకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. భర్తకు వృద్ధాప్య పింఛన్ వస్తుండగా మంచాన పడ్డ భార్యకు వేరేగా అడగవచ్చు.

ఒకటో తారీకున వేలిముద్ర పడకపోవడం మామూలే. బండలు, పార, కొడవలి పట్టిన చేతులకు గీతలు అరిగిపోతాయి. ముఖం గుర్తింపుతో ప్రయత్నించమని అడగండి. ఆధార్‌లో ఫొటో పాతికేళ్ళ నాటిదైతే అదీ పనిచేయదు, కాబట్టి ఆధార్ అప్‌డేట్ ముందే చేయించాలి. కదలలేని మనిషి కోసం ఆధార్ అప్‌డేట్ చేసే కిట్టును ఇంటికి తెప్పించుకునే వీలుంది. ఒక నెల తీసుకోలేకపోతే మరుసటి నెల కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే వలస పోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. పెద్దావిడను కడపలోని ఆశ్రమంలోనో అనంతపురంలో కూతురి దగ్గరో పెడుతున్నారంటే ఆ వారమే అక్కడి సచివాలయం పేరు, కోడ్ తెలుసుకుని పింఛన్ బదిలీ పెట్టించండి.

ఆశ్రమం నడిపేవాళ్ళ లెక్క

ఇరవై ఐదుమంది పెద్దవాళ్ళు, అందులో ఎనిమిదిమంది మంచాన పడ్డవాళ్ళు ఉన్న ఆశ్రమం అనుకుందాం. మంచం మీద మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. రోజుకు పన్నెండు సార్లు, ఎనిమిదిమందికి తొంభై ఆరు సార్లు. ఒక్కోసారికి ఇద్దరు మనుషులు, అయిదు నిమిషాలు. అంటే పక్క తిప్పడానికే రోజుకు పదహారు పనిగంటలు. తినిపించడం, కడగడం, బట్టలు మార్చడం ఇంకా మొదలే కాలేదు.

ఎప్పుడూ ఇద్దరు డ్యూటీలో ఉండాలంటే ఇద్దరో నలుగురో సరిపోరు. వారానికి 168 గంటలు, ఒక మనిషి పనిచేసేది 48. ఒక్కో స్థానానికి మూడున్నర మంది, రెండింటికి ఏడుగురు. ఒక్కొక్కరికి నెలకు 12,000 అనుకుంటే 84,000. డైపర్లు మనిషికి రోజుకు నాలుగు, ఎనిమిదిమందికి నెలకు 960. ఒక్కోటి ముప్పై అనుకుంటే 28,800. రెండూ కలిపి 1,12,800. ఆ ఎనిమిదిమందికీ 15,000 పింఛన్ వస్తే 1,20,000, చాకిరీ ఖర్చు అక్కడికి సరిపోతుంది. అందరూ 4,000లో ఉంటే వచ్చేది 32,000. సదరం పని నిర్లక్ష్యం చేసిన ఆశ్రమాలు ఎందుకు మూతపడతాయో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. బాడుగ, భోజనం, మందులు వేరే దారిలో తెచ్చుకోవాలి.

పింఛన్ ఆ మనిషి సొంతం, ఆశ్రమానిది కాదు. ఖర్చుకు తీసుకుంటే రాతపూర్వకంగా ఒప్పుకోలు, నెలనెలా విడి లెక్క, వేలిముద్రకు సాక్షి సంతకం ఉండాలి. ఇది లేని చోట ఎంత మంచి మనుషులున్నా ఒక్క ఫిర్యాదుతో పేరు పోతుంది.

జీతాలు తగ్గించుకుందామని రాత్రి డ్యూటీలో కోత పెడితే వచ్చేది పక్కపుండు. నడుము కింద ఎముక మీద, మడమల మీద, తుంటి పక్కన రోజూ చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎరుపు రావాలి. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు, తాకితే ఆ చోటు వేడిగా, గట్టిగా తగులుతుంది. గాలి పరుపు కొని దాని మీద మెత్తగా ఉంటుందని బొంత పరిచేవాళ్ళు ఉన్నారు. బొంత వేస్తే పరుపు పనే పోతుంది. పల్చటి దుప్పటి ఒక్కటే ఉండాలి. కరెంటు పోతే చాలా పరుపుల్లో గాలి దిగిపోతుంది కాబట్టి పంపును ఇన్వర్టరుకు కలపాలి. పరుపు ఉన్నా పక్క తిప్పడం మానకూడదు. పుండు ఎముక దాకా దిగితే నెలల తరబడి డ్రెస్సింగు. ఆ ఖర్చుతో పోలిస్తే రాత్రి ఆయా జీతం చాలా తక్కువ.

పీహెచ్‌సీల్లో పెద్దవాళ్ళకు వారానికోసారి ప్రత్యేక క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వృద్ధుల వార్డు ఉండాలని 2010-11లో మొదలైన కేంద్ర కార్యక్రమం చెబుతుంది. ఆశ్రమం పేరు, మంచాన పడ్డవాళ్ళ సంఖ్య పీహెచ్‌సీ డాక్టరుకు రాసిస్తే 104 బండి వచ్చే రోజుల్లో అక్కడికీ రమ్మని అడగడానికి ఆధారం ఉంటుంది. డెబ్బై దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యానికి. ఆసుపత్రిలో చేరితేనే అది పనికొస్తుంది.

గ్రాంటు సంగతి

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 19వ సెక్షన్‌లో జిల్లాకు కనీసం ఒకటి, 150 మంది నిరుపేదలకు సరిపడా ఆశ్రమాలు ప్రభుత్వం పెట్టవచ్చని ఉంది. పెట్టి తీరాలని లేదు. అందుకే ఈ భారమంతా స్వచ్ఛంద సంస్థల మీద పడింది. వాళ్ళకు కేంద్రం ఇచ్చే గ్రాంటు ఇప్పుడు అటల్ వయో అభ్యుదయ యోజన కింద వస్తుంది. ఇరవై ఐదుమంది ఆశ్రమానికి, యాభైమంది మహిళల ఆశ్రమానికి, కనీసం ఇరవై మంది తీవ్ర రోగులో మతిమరుపు రోగులో ఉండే కేంద్రానికి వేర్వేరు పద్దులున్నాయి. మన జిల్లాల్లో అందరూ మొదటి దానికే పరిగెత్తుతారు. మంచాన పడ్డవాళ్ళు నిజంగా ఇరవైమంది ఉన్న సంస్థ మూడో దానికి అడగడమే న్యాయం.

దారి ఇలా ఉంటుంది. సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్‌లో నంబరు, గ్రాంటు అడిగే ఈ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు, జిల్లా తనిఖీ, రాష్ట్రం సిఫారసు, తర్వాత కేంద్రం. జిల్లాలో చూసేది విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసు. తనిఖీలో ఎక్కువగా పట్టుబడేది హాజరు పట్టీ. పండక్కి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళను హాజరుగా రాస్తారు, అదే రోజు అధికారి వస్తాడు. వెళ్ళినవాళ్ళ పేరు పక్కన సెలవు తేదీలు రాయడం సిగ్గు పడాల్సిన పనేమీ కాదు.

గ్రాంటు రెండో విడత ఆగిపోయేది యుటిలైజేషన్ సర్టిఫికెట్ దగ్గర, అంటే డబ్బు దేనికి వాడామో చూపించే కాగితం దగ్గర. 12-ఏ ఫారం, ఆడిటర్ సంతకం, ఖర్చయిన ప్రతి పద్దూ మంజూరైన పద్దుతో సరిపోవాలి. మందులకిచ్చింది భోజనానికి వాడితే అవసరం నిజమే అయినా లెక్క తప్పే. గ్రాంటు ఖాతాలో పడ్డ వడ్డీ కూడా చూపించాలి. గ్రాంటు ఆలస్యంగానే వస్తుందని ముందే అనుకుని, కనీసం ఆరు నెలల భోజనం ఖర్చు చేతిలో లేకుండా ఆశ్రమం తెరవకూడదు.

చాలామంది చూడని డబ్బు ఒకటి మన జిల్లాల్లో ఉంది: గనుల నుంచి వచ్చే జిల్లా ఖనిజ నిధి. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం 70 శాతం ముఖ్య రంగాలకు పోవాలి, వృద్ధుల, వికలాంగుల సంక్షేమం ఆ జాబితాలో ఉంది. గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్ళు నేరుగా ప్రభావితమైనవి, 25 దాకా పరోక్షంగా. ఎర్రగుంట్ల సున్నపురాయి గనుల చుట్టూ, తాడిపత్రి బండల క్వారీల చుట్టూ ఉన్న పల్లెలు ఇందులోకి వస్తాయి. జీవితమంతా ఆ దుమ్ము పీల్చినవాళ్ళకు ముసలితనంలో ఒక సంరక్షణ కేంద్రం అడిగే హక్కు ఈ డబ్బు మీద అందరికంటే ముందుంది. రోడ్లకూ కాంపౌండు గోడలకూ ప్రతిపాదనలు వెల్లువగా వస్తాయి, దీనికి ఎవరూ రాయరు.

పిల్లలు చూడని పక్షంలో పోషణ కోసం ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీలు అవసరం లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది లోపు ఫోన్ చేయండి.

వలస నెలలు

కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెల్లో పంట చేతికి రాని ఏడాదిలో గుంటూరు మిరప కోతలకు ఇళ్ళకు ఇళ్ళే కదిలిపోతాయి. పిల్లల చదువు ఆగకూడదని వాళ్ళకు సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, మంచి పని. అదే ఇంట్లో మంచం మీద మిగిలిపోయిన జేజికి మాత్రం పక్కింటివాళ్ళే దిక్కు. వాళ్ళూ వలస పోతే గిన్నెలో రెండు రోజుల సంగటి, చెంబులో నీళ్ళు.

పిల్లలకు చేసినట్టే పెద్దవాళ్ళకూ నాలుగు నెలల కేంద్రం పెట్టవచ్చు. ఇరవైమందికి, ఎప్పుడూ ఇద్దరు డ్యూటీలో ఉండేలా ఏడుగురు, నాలుగు నెలల జీతం 3,36,000. మనిషికి రోజుకు వంద లెక్కన 120 రోజుల భోజనం 2,40,000. మొత్తం 5,76,000. పైన చెప్పిన అటల్ వయో అభ్యుదయ యోజనలోనే రాష్ట్రాల కార్యాచరణ ప్రణాళికకు విడిగా నిధులిచ్చే భాగం ఉంది, దీన్ని అందులో పెట్టమని అడగవచ్చు. కట్టడం కోసం ఖాళీగా ఉన్న బడి గదో కమ్యూనిటీ హాలో బాగుచేయించే పని పంచాయతీ ప్రణాళికలో రాయించండి. ఆర్థిక సంఘం నిధులు జీతాలకు వాడే వీల్లేదు, మరమ్మతుకు అడగండి.

అర్జీలో మండలం పేరు, ఊళ్ళవారీగా మంచాన పడ్డవాళ్ళ సంఖ్య, వలస మొదలయ్యే నెల, గది ఎక్కడుందో, పైన వేసిన లెక్క ఉండాలి. వ్యక్తుల జబ్బుల వివరాలు రాయనక్కర్లేదు. అర్జీలు తీసుకునే సోమవారం కర్నూలు కలెక్టరేట్ సునయన ఆడిటోరియంలో ఇచ్చి, ఏడీ ఆఫీసుకు ఎండార్స్ చేయమని అక్కడే అడిగి, రసీదు నంబరు తీసుకోండి. దసరా లోపే ఇవ్వాలి. సంక్రాంతికి ఇస్తే ఆ ఏడాదికి అందదు.